అమ్మమ్మ పీకని కలుపు

మా అమ్మ కలుపు మొక్కలకు నీళ్లు పోసిన మనిషి. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే పోసేది. మిర్యాలగూడలో మేం కిరాయికి ఉన్న ఇంటి వెనక పెద్ద జాగా ఉండేది. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం బట్టలు జాడించిన నీళ్లు మోసుకెళ్లి అక్కడ మొలిచిన పల్లేరుకూ తుమ్మికీ పోసేది. పక్కనే గులాబీ మొక్క ఎండి కట్టెపుల్లలా నిలబడి ఉంటే దాని వైపు కన్నెత్తి చూసేది కాదు. చూసినవాళ్లు ఈమెకు మతి ఉందా అనుకునేవాళ్లు. ఉంది. ఎందుకలా చేసేదో చెప్పాలంటే ముందు అమ్మమ్మ సంగతి చెప్పాలి.

అమ్మమ్మది నేరేడుచర్ల పక్కన చిన్న ఊరు. మా తాత నేను పుట్టకముందే పోయాడు. కొడుకుల్లేరు, ఉన్నది మా అమ్మ ఒక్కతే. భూమి లేదు. వానాకాలం నాట్లు, ఆ తర్వాత కలుపు, ఆ తర్వాత కోతలు. అవి అయ్యాక మాఘమాసంలో కూలీల గుంపుతో కలిసి కోదాడ వైపు మిరపకాయ ఏరడానికి పోయి ఉగాదికి ఇల్లు చేరేది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఏడాది ఇట్లాగే తిరిగింది.

ఆమెకొక పట్టింపు. బిడ్డను ఇచ్చిన ఇంట్లో ఊరికే కూర్చుని తినకూడదు. మా వైపు పాతకాలపు వాళ్లలో చాలామందికి ఇది ఉండేది. అయితే పండగకో పబ్బానికో సడలించుకునేవాళ్లు. అమ్మమ్మ సడలించుకునే రకం కాదు. ఎనభైల్లో మేం సూర్యాపేటలో ఉన్నప్పుడు, నేనింకా చిన్న బడిలో ఉన్నప్పుడు, పొద్దున బస్సుకు దిగి సాయంత్రం బస్సుకు ఎక్కేది. దిగగానే కొంగు దోపుకొని గిన్నెలన్నీ తోమేది, బియ్యంలో రాళ్లు ఏరేది, పొయ్యి అలికేది. అప్పుడు గానీ కంచం ముందు కూర్చునేది కాదు. అమ్మ ఇంకో గరిటె అన్నం వేయబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"గంత పని నేనేం జేసిన?" అనేది.

అమ్మ మాట వినకుండా వేస్తే, తిని లేచి మళ్లీ ఏదో పని వెతుక్కునేది. ఒకసారి ఏమీ దొరక్క, తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. తిండి దగ్గర ఇంత రాద్ధాంతం ఏమిటి అనిపించేది.

మా నాన్న బస్సు కండక్టర్. ఆయన బస్సే ఎక్కాల్సి వస్తే అమ్మమ్మ నెత్తిన కొంగు కప్పుకొని, మొహం కిటికీ వైపు తిప్పుకొని, చిల్లర పట్టుకున్న చెయ్యి మాత్రం ఆయన వైపు చాచేది. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఎలాగూ లేదు. ఆయన టికెట్ చింపి ఇచ్చేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉండేది. "నా సర్వీసులో ఇంత నిఖార్సైన ప్యాసింజర్‌ను చూడలేదు" అని నాన్న ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు.

డిపో మారినప్పుడల్లా మా ఊరు మారేది. సూర్యాపేట తర్వాత కోదాడ. అక్కడికి పోయినప్పుడు అమ్మ సంబరపడింది, మిరప సీజన్‌లో తల్లి దగ్గర్లోనే ఉంటుంది కదా అని. ఉండటం అయితే ఉంది. మా ఇంటికి ఎడ్లబండి మీద పోయేంత దూరంలో ఒక చేను గట్టున, గుంపుతో పాటు తాటాకు గుడిసెలో పడుకునేది. మా ఇంటికి వచ్చి పడుకోమంటే, "పొద్దుగాల మేస్త్రి పిలుస్తడు, లేటైతది" అనేది. మేస్త్రి అంటే గుంపును పనికి తోలే మనిషి. అమ్మ టిఫిన్ గిన్నెలో కూర తీసుకొని చేనుకే పోయి చూసి వచ్చేది. నేనూ ఒకసారి పోయాను. చేనంతా ఎర్రగా ఘాటుగా ఉంది. అమ్మమ్మ వేళ్లు మండుతున్నాయని నా చెంప కూడా ముట్టుకోలేదు, మోచేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది.

రెండో ఏడాది ఆ చేలోనే వడదెబ్బ తగిలి పడిపోయింది. గుంపులోవాళ్లు సర్కారు దవాఖానకు తెచ్చి మాకు కబురు చేశారు. సెలైన్ ఎక్కుతుంటే కూడా "పొద్దెక్కిందా? మేస్త్రి వచ్చిండా?" అని కలవరించింది. కాస్త తేరుకున్నాక మా ఇంటికి తెచ్చుకున్నాం. నిలబడే ఓపిక రాగానే చీపురు పట్టింది, నడిచే ఓపిక రాగానే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మకు తన తల్లి గురించి ఒకటే భయం. "మా అవ్వ ఏదో ఒక గట్టు మీదనే పోతది. నాకు కబురొచ్చేటాలకు అంతా అయిపోతది" అనేది. కూరలో ఉప్పు వేస్తూ అనేది, నాకు జడ వేస్తూ అనేది. ఆమెను తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి. కానీ పని లేనిదే ఆమె రాదు, వచ్చినా నిలవదు. అమ్మ ఎదుట ఉన్న చిక్కు అదే.

తొంభైల మొదట్లో నాన్నకు మిర్యాలగూడ బదిలీ అయింది. నేను ఇంటర్‌లో చేరాను. బియ్యం మిల్లులకు అవతల, ఊరి చివర ఇల్లు దొరికింది. ఇల్లు చిన్నది, వెనక జాగా మాత్రం ఇంటికి మూడింతలు. ఒకప్పుడు పొలమేనట. గాలి అటు తిరిగితే మిల్లుల ఊక బూడిద వచ్చి ఆరేసిన బట్టల మీద నల్లగా రాలేది. నాన్నకు ఆ ఇల్లు నచ్చలేదు. అమ్మ వెనక తలుపు తీసి ఆ జాగా చూసి, ఇంకేమీ చూడకుండా "ఇదే తీసుకుందాం" అంది.

వానలు పడి జాగా అంతా పచ్చబడగానే అమ్మ నేరేడుచర్ల బస్సెక్కింది. నేనూ తోడు వెళ్లాను కాబట్టి ఆ నాటకం నా కళ్లతో చూశాను.

"ఇంటెనక మస్తు జాగున్నది అవ్వా. కూరగాయలు పెడదామంటే కలుపు ఆగుతలేదు. నాకు నడుము వంగుతలేదు, పిల్లకు సదువు. ఆడ కూలోళ్లు దొరుకుతలేరు" అంది అమ్మ, మొహం దిగాలుగా పెట్టి.

"కూలోళ్లు దొరకకుంటే నన్ను పిలువొస్తివా?"

"దొరికినా నీ అసొంటి చెయ్యి యాడుంటది? పైపైన గీకి పోతరు."

ఆ మాట అమ్మమ్మకు నచ్చిందని ఆమె ముక్కుపుడక సర్దుకోవడంలోనే తెలిసింది. ఊళ్లో నాట్లూ మొదటి కలుపూ అయ్యాక, భాద్రపదంలో, చిన్న మూటతో దిగింది. మూటలో రెండు చీరలు, ఒక కొడవలి.

ఆ తర్వాత మా ఇంట్లో నడిచింది చూడాల్సిందే. పొద్దున్నే అమ్మమ్మ తలకు తువ్వాల చుట్టుకొని, చీర ఎగదోపుకొని, కొడవలి పట్టుకొని వెనక తలుపు దగ్గర నిలబడి "పనికి పోతున్న బిడ్డా" అని చెప్పేది. పోయేది ఎక్కడికి? ఆమె దగ్గితే వంటింట్లోకి వినబడేంత దూరం. మధ్యాహ్నం లోపలికి వచ్చి తినేది కాదు. అమ్మ సద్ది గిన్నె తీసుకెళ్లి మునగచెట్టు నీడన పెట్టాలి. అమ్మ కూడా పొలం ఆసామి వేషం బాగానే కట్టింది. నడుం మీద చెయ్యి పెట్టి "ఇయ్యాళ గా మూలకు సూడు అవ్వా" అని పని పురమాయించేది. సాయంత్రం కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చాక మాత్రమే వాళ్లు మళ్లీ తల్లీ బిడ్డలయ్యేవాళ్లు. పగలంతా చేసిన పని ఉంది కాబట్టి రాత్రి అమ్మమ్మ ధైర్యంగా రెండోసారి చారు పోయించుకునేది. ఆ రెండోసారి కోసమే అమ్మ ఇంత తిప్పలు పడింది.

అమ్మమ్మ చేతికి కనికరం లేదు. మొక్క రెండాకులు విప్పుకుంటే చాలు, రెండు వేళ్లతో పట్టి వేరుతో సహా లాగేసేది. దసరా వరకు కంచె పక్కన గునుగు వదిలింది, బతుకమ్మకు కావాలి కాబట్టి. పండగ మర్నాడు అదీ పీకేసింది. అమ్మ ఎవరినో అడిగి తెచ్చి నాటుకున్న పది గంటల పూల తీగను కూడా గంగవాయిలి కూర అనుకొని పీకి గంపలో వేసింది. అమ్మ ఏడవలేక నవ్వింది. "పప్పులకైనా పనికొస్తదని పక్కన పెట్టిన బిడ్డా" అంది అమ్మమ్మ, అదొక్కటే ఓదార్పు అన్నట్టు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆమె పని మరీ బాగా చేసేది. కార్తీకం వచ్చేసరికి జాగా అంతా ఊడ్చి అలికిన వాకిలిలా ఉంది. వంగ, టమాట, గోరుచిక్కుడు సాళ్ల మధ్య గడ్డిపోచ లేదు. ఒకరోజు పొద్దున అమ్మమ్మ కొడవలి ఒళ్లో పెట్టుకొని మునగచెట్టు కింద ఖాళీగా కూర్చుని, "ఇగ నేను పోత. పని ఖతమైంది" అంది.

ఆ మధ్యాహ్నమే అమ్మ, ఆమె బస్సెక్కకుండా నాకు కాపలా అప్పజెప్పి, మన్ను తోలే బండి ఆయన దగ్గరికి పోయింది. మామూలుగా ఎవరైనా చెట్లకు మంచి ఎరువు అడుగుతారు. అమ్మ అడిగింది వేరు. చెరువు కింద, గడ్డీ గాదం బాగా మొలిచే చోట తీసిన మన్ను కావాలంది. ఆయన రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడట. రెండు రోజుల్లో నల్లటి మన్ను వచ్చి పడింది. కొత్త సాళ్లకని చెప్పి, జాగాలో సగం దాకా దాన్ని పరిచే పని అమ్మమ్మకే అప్పజెప్పింది. ఆ రోజు నుంచే అమ్మ నీళ్లు మోయడం మొదలుపెట్టింది.

నాన్నకు సంగతి తెలిసి, "పైసలిచ్చి కలుపు కొన్నోళ్లు ఈ జిల్లాలో మనమే" అన్నాడు.

"మీరు ఊకోండ్రి. ఆమెకు ఇనబడతది" అంది అమ్మ.

మన్ను మాట నిలబెట్టుకుంది. పది రోజులు తిరక్కముందే సూది మొనల్లా లేచింది. అమ్మమ్మ "ఏం మన్ను తెప్పిచ్చినవే, అంతా కలుపే" అని తిట్టుకుంటూ, మొహం వెలిగిపోతూ, మళ్లీ తువ్వాల చుట్టింది. పుష్యమాసం దాకా నడిచిపోయింది. ఇంకొక్క నెల ఎట్లాగో గడిస్తే మిరప గుంపు వెళ్లిపోతుంది, ఈ ఏడాదికి గండం గడిచినట్టే అని అమ్మ రోజూ లోలోపల దండం పెట్టుకునేది.

ఆ నెలాఖరున గండం బండి ఆయన రూపంలో వచ్చింది. ఇంకో బండి మన్ను కావాలేమో అడుగుదామని వెనక దారి నుంచే వచ్చాడు. అమ్మ ఇంట్లో లేదు. నేను తలుపు దగ్గర చదువుకుంటున్నాను. ఆయన కంచె అవతల నిలబడి, పాపం మంచి మనసుతోనే, "ఏం అవ్వా, కలుపు బాగ లేసిందా? మీ బిడ్డ కలుపు లేసే మన్నే గావాలని అడిగి మరీ తెప్పిచ్చుకున్నది. గసొంటోళ్లను నేను యాడ సూడలే" అని నవ్వాడు. నేను పుస్తకం పడేసి లేచేసరికే మాట అయిపోయింది.

అమ్మమ్మ పట్టిన సాలు చివరిదాకా పూర్తి చేసింది. కొడవలి కడిగి గోడకున్న మేకుకు తగిలించింది. ఆ రాత్రి ఆకలి లేదని పడుకుంది. పొద్దున మూట కట్టుకొని ముందు గదిలో నిలబడింది.

"నన్ను పిచ్చిదాన్ని జేసి ఆడిపిచ్చినవ్ గదనే" అంది అమ్మతో.

"గట్ల గాదవ్వా..."

"నేను పని జేసుకొని తింటున్న అనుకున్న. ఇన్నొద్దులు అల్లుని సొమ్ము ఊకెనే తిన్న."

"తింటే ఏమైతది? నేను నీ బిడ్డను కానా?"

"బిడ్డవే. గందుకే."

అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టి మెల్లగా పక్కకు జరిపి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది. వెనకాల నేను బస్టాండు దాకా పోయాను. బస్సు కదిలేటప్పుడు "మీ అమ్మను ఏడ్వొద్దని సెప్పు" అంది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడిపించింది తనే, ఏడవొద్దని చెప్పమంటోంది నన్ను. ఇంటికొచ్చి అమ్మకు ఆ మాట చెప్పలేదు.

వారం తిరిగేసరికి కబురు తెలిసింది. గుంపుతో పాటు కోదాడ వైపు మిరపకు పోయింది.

అమ్మ కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత మళ్లీ నీళ్లు మోయడం మొదలుపెట్టింది. కూరగాయల సాళ్లకు పోయగా మిగిలినవి కావు, ముందు కలుపుకు పోసి మిగిలితే వంగకు పోసేది.

"ఇప్పుడెందుకు పోస్తున్నవ్ అమ్మా? తీసే మనిషి పోయింది గదా" అన్నాను.

"రేపు వస్తే? వచ్చినంక పని ఉండొద్దా?" అంది.

ఇక ఆ జాగాలో నన్ను అడుగు పెట్టనివ్వలేదు. ఒక్క మొక్క పీకినా ఊరుకునేది కాదు. మోకాలెత్తు అడవి లేచింది. ఇంటి ఓనరమ్మ గుంటూరు వైపు నుంచి కాలువ కింద పొలాలు కొనుక్కొని వచ్చి స్థిరపడిన మనిషి. ఇల్లు అద్దంలా ఉండాలి ఆమెకు. ఒకరోజు వచ్చి వెనక తలుపు తీసి నోరు తెరిచింది.

"ఏమ్మా, పెరడంతా ఈ పిచ్చి మొక్కలేంటి? పాములొస్తాయి. మనిషిని పంపిస్తాను, శుభ్రంగా కొట్టించేయండి."

"మా అవ్వ వస్తదండి. ఆమె తీస్తది."

"ఎప్పుడొస్తారు?"

"వస్తది" అంది అమ్మ, అంతకు మించి ఆమెకూ తెలియదు.

"ఉగాది దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే కొట్టిస్తా" అని ఆమె వెళ్లింది.

ఇదంతా జరుగుతుండగా, ఎవరూ పిలవకుండా, ఆ జాగా పూయడం మొదలుపెట్టింది. ముందు తుమ్మి. తెల్లటి చిన్న చిన్న పూలు, ఆకుపచ్చ బుడిపెల చుట్టూ గుచ్చినట్టు. మిల్లు బూడిద రాలిన రోజు వాటి మీద నల్ల చుక్కలు పడేవి, అమ్మ నీళ్లు చిలకరించేది. నేల మీద పాకిన విష్ణుక్రాంత పొద్దున నీలంగా విచ్చుకొని, నేను కాలేజీ నుంచి తిరిగొచ్చేసరికి ముడుచుకునేది. పల్లేరు పసుపు, కుక్కవాయింట పసుపు. పల్లేరు కాయలు కాలికి గుచ్చుకుంటే తెలిసేవి కానీ దాని పువ్వు అంత అందంగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. మా బోటనీ పుస్తకంలో మందారమూ ఉమ్మెత్తా తప్ప ఇవేవీ లేవు.

అన్నిటికన్నా ఎక్కువగా బోడసరం వచ్చింది. చెరువు మన్నుతో పాటు వచ్చిన విత్తనమే అయి ఉండాలి. నీళ్లు తీసిన మళ్లలో, కోత అయ్యాక మొలిచే మొక్క అది. అంచులు రంపంలా ఉన్న ఆకులు, కొమ్మ కొమ్మకూ చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దగా గుండ్రటి వంగపండు రంగు పువ్వులు. ఆకు నలిపితే ఘాటైన వాసన చేతిని రెండు మూడు కడుగుళ్ల దాకా వదలదు. శివరాత్రి వచ్చేనాటికి వెనక జాగాలో సగం వంగపండు రంగుకు తిరిగింది. చెప్పొద్దూ, నేను చదువుకోవడానికి కూర్చుని దాన్నే చూస్తూ ఉండేదాన్ని.

శివరాత్రి నాడు పొద్దున్నే ఓనరమ్మ గిన్నె పట్టుకొని వెనక దారిన వచ్చింది. "శివుడికి తుమ్మిపూలు మంచివమ్మా, కాసిని కోసుకుంటాను" అంది. అమ్మ నవ్వు ఆపుకుంటూ "కోసుకోండి, పాములుంటయి జర చూసుకోండి" అంది. ఆ తర్వాత ఆమె పెరడు కొట్టించే మాట ఎత్తలేదు.

పూలయితే పూశాయి కానీ అమ్మకు వాటి మీద ఆనందం లేదు. పొద్దున లేచి వాటిని చూసేది, వెంటనే కంచె అవతలి దారి చూసేది. ఎండలు ముదురుతున్నాయి. కోదాడ నుంచి నాన్న డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా ఆయన మొహం చూసేది, ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

హోలీ దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం నాన్న డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చాడు. యూనిఫాం మీదే ఉన్నాడు, భుజానికి టికెట్ల సంచి ఉంది, రెండో చేతిలో అమ్మమ్మ మూట ఉంది. వెనకాల అమ్మమ్మ. ఆయన మూట లోపల పెట్టి, "బస్సు ఆపి వచ్చిన" అని అమ్మతో ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. జరిగింది మాకు తర్వాత చెప్పాడు. కోదాడ బస్టాండులో బల్ల మీద మూట పక్కన పెట్టుకొని కూర్చుని ఉందట. చేలో కళ్లు తిరిగి కూలబడితే ఆసామి భయపడి, ఈమెకు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుందని మేస్త్రి మీద అరిచాడట. మేస్త్రి, "నీకు ఇగ శాతకాదు అవ్వా, రేపటి సంది రాకు" అన్నాడట. నాన్న మూట తీసుకుంటే ఆమె ఇవ్వకుండా గుంజుకోలేదు. బస్సులో చిల్లర పట్టుకొని చెయ్యి చాచలేదు. ఆయనే టికెట్ చింపి ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూశాడట.

ఆ మధ్యాహ్నం ఇవేవీ మాకు తెలియవు. ఎదురుగా ఉన్నది నల్లబడి, సగానికి చిక్కిపోయిన మనిషి. వేళ్లు మిరప ఘాటుకు పొట్టు లేచి ఉన్నాయి. అమ్మకు కౌగిలించుకోవాలని ఉంది, భయమూ ఉంది. ఒక్క మాట తప్పుగా పడినా మళ్లీ మూట ఎత్తుతుంది. కాళ్లకు నీళ్లిచ్చింది. తాగడానికి నీళ్లిచ్చింది. అన్నం మాట ఎత్తలేదు. గోడ మేకుకున్న కొడవలి తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, ఆమె ముందు పెట్టింది.

"కలుపు గట్లనే ఉన్నది అవ్వా. ఎవ్వరిని ముట్టనియ్యలే. ఈసారి ఎవ్వరు మన్ను పోయలే, దానంతట అదే లేసింది. తీస్తనంటే తియ్యి" అంది.

నీళ్లు పోసిన సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మమ్మ కొడవలి అందుకుంది. తువ్వాల చుట్టుకుంది. "పనికి పోతున్న" అనలేదు కానీ వెనక తలుపు తీసుకొని వెళ్లింది. అమ్మ ఊపిరి పీల్చుకొని పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఒక సాలు తీసినా చాలు, తింటుంది. తింటే ఉంటుంది.

నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. అమ్మమ్మ బోడసరం ముందు గొంతుకూర్చుంది. ఎడమ చేత్తో ఒక మొక్క మొదలు పట్టుకుంది. పట్టుకొని ఆగిపోయింది. పువ్వును వేళ్లతో తిప్పి చూసింది. వాసన చూసింది. ఇంకో పువ్వు చూసింది.

"గిదేం శెట్టు పిల్లా?" అని అడిగింది నన్ను.

"బోడసరం అమ్మమ్మా. నువ్వు రోజూ పీకిందే."

"నేను పీకేది గింతుంటది" అని చూపుడు వేలి మొదటి కణుపు చూపింది. "గిట్ల పూస్తదా ఇది?"

గట్ల మీద ఆమె ఆ పువ్వును ఎన్నడూ చూడలేదంటే నేను ఇప్పటికీ నమ్మను. చూసే ఉంటుంది. కానీ మొలిచినప్పుడు తనే పీకేసేది, పూసే కాలానికి మిరప చేలో ఉండేది. వెనక నుంచి మేస్త్రి అదిలిస్తుంటే గట్టు మీద ఏం పూసిందో ఎవరు ఆగి చూస్తారు? ఆ రోజు ఆమె వెనక మేస్త్రి లేడు. కొడవలి పక్కన పెట్టి, కింద చతికిలబడి, మొక్క తర్వాత మొక్క చూసింది. పల్లేరు పువ్వు మీద వంగి "దీని ముండ్లే నాకెర్క" అంది. తుమ్మి పువ్వు ఒకటి తెంపి, చిన్నపిల్లలు చేసినట్టు, కింది కొసన తేనె చప్పరించింది.

అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. అన్నం ఉడికి గంజి వంచడం కూడా అయింది. సాలు తెగలేదు, ఒక్క మొక్క పడలేదు. పని చేయకుండా ఆమె తినదు. తినకపోతే ఈ పూటే ఏ బస్సుకో లేస్తుంది. "పోయి ఒక్క మూల అయినా తియ్యమను" అని నాతో గుసగుసగా అంది. నేను పోలేదు, పోబుద్ధి కాలేదు.

నీడ మునగచెట్టు దాటి కంచె దాకా పోయాక అమ్మమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకొని, ఆగి, మెల్లగా నడిచి వంటింటి గడప దాకా వచ్చింది. కొడవలి అంచున మన్ను లేదు. దాన్ని గడప పక్కన పెట్టింది.

"పీకబుద్ధి అయితలేదు బిడ్డా" అంది.

"మరి?" అంది అమ్మ.

"మరేంది? అన్నం పెట్టు. ఆకలైతున్నది."

గడప దాటి లోపలికి వచ్చి, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని కూర్చుంది. అమ్మ కంచం తీసుకొని కడగడానికని బయటికి పోయింది. అది పొద్దునే కడిగి బోర్లించిన కంచం.